మందు, ప్రక్రియ, వ్యర్థం: పటాన్‌చెరు – సంగారెడ్డి ప్రాంత వైద్యచరిత్ర రచన – విమర్శనాత్మక పరిశీలన

వ్యాస సంగ్రహం

హైదరాబాదుకు వాయవ్యంగా ముంబయి రహదారి వెంబడి విస్తరించిన పటాన్‌చెరు, బొల్లారం, కాజీపల్లి, పాశమైలారం పారిశ్రామిక ప్రాంతం ప్రపంచ ఔషధ విపణికి బల్క్ డ్రగ్స్ అందించే ప్రధాన కేంద్రాల్లో ఒకటి. ఈ ప్రాంతాన్ని గురించి రెండు చరిత్రలు విడివిడిగా నడుస్తున్నాయి. ఒకటి ఔషధ తయారీ చరిత్ర, రెండోది కాలుష్య చరిత్ర. వైద్యచరిత్రకారులు మొదటిదాన్ని పాక్షికంగా స్వీకరించి, రెండోదాన్ని పర్యావరణ శాస్త్రానికి విడిచిపెట్టారు. ఈ విభజన వల్ల వైద్యచరిత్రకు కలిగిన లోపాన్ని చర్చించడం ఈ వ్యాస లక్ష్యం. ప్రయోగశాల వ్యాసం, న్యాయస్థాన పత్రం, ప్రభుత్వ సూచిక, వైద్యుని పరిశీలన అనే నాలుగు రకాల పాఠాలను ఆధార విమర్శ పద్ధతిలో పరిశీలించి, వాటిలో ఏది దేన్ని చెప్పగలదో, దేన్ని చెప్పలేదో నిరూపించడానికి ఈ వ్యాసం ప్రయత్నిస్తుంది.

కీలక పదాలు: వైద్యచరిత్ర, పటాన్‌చెరు, బల్క్ డ్రగ్స్, యాంటీబయాటిక్ నిరోధకత, ఆధార విమర్శ, ప్రక్రియ.

1. ఉపోద్ఘాతం

పటాన్‌చెరు ఊరిపేరులోనే చెరువు ఉంది. కళ్యాణి చాళుక్యుల కాలపు పొట్టలకెరె ఈ ఊరేనని చరిత్రకారులు గుర్తించారు. కన్నడ ‘కెరె’ అయినా, తెలుగు ‘చెరువు’ అయినా ఆ పేరు నిలిచింది నీటి మీదనే. ఈ ఊరు 20వ శతాబ్ది చివరి దశకాల్లో న్యాయస్థానాల రికార్డుల్లోకి, 21వ శతాబ్ది తొలి దశకంలో అంతర్జాతీయ శాస్త్ర పత్రికల్లోకి ప్రవేశించింది. రెండు సందర్భాల్లోనూ కారణం నీరే.

2007లో స్వీడన్ పరిశోధకులు జోకిమ్ లార్సన్, సిసిలియా డి పెడ్రో, నిక్లాస్ పాక్సియస్ ప్రమాదకర పదార్థాల అధ్యయనానికి అంకితమైన ఒక అంతర్జాతీయ పత్రికలో పటాన్‌చెరు నీటిపై వ్యాసం ప్రచురించారు. సుమారు 90 బల్క్ డ్రగ్ పరిశ్రమల నుంచి వచ్చే వ్యర్థజలాన్ని శుద్ధిచేసే ఉమ్మడి కేంద్రం నుంచి వెలువడిన నీటిలో, లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్ససిన్ ఉందని వారు నిర్ధారించారు. అప్పటివరకు ప్రపంచంలో ఏ వ్యర్థజలంలోనూ ఇంత మోతాదులో మందులు నమోదు కాలేదు. ఆ తరువాత యాంటీబయాటిక్ నిరోధకతపై జరిగిన చర్చల్లో పటాన్‌చెరు తప్పనిసరి ఉదాహరణగా మారింది.

ఇక్కడ ఒక చారిత్రక ప్రశ్న తలెత్తుతుంది. పటాన్‌చెరు, బొల్లారం కాలుష్యంపై సుప్రీంకోర్టులో రిట్ పిటిషన్ దాఖలైనది 1990లో. స్వీడన్ పరిశోధకుల వ్యాసం వెలువడినది 2007లో. ఈ 17 ఏళ్లలో ఇసుకవాగు, నక్కవాగు ఒడ్డు గ్రామాల ప్రజలకు, అక్కడి వైద్యులకు, రైతులకు తెలిసిన విషయం ‘జ్ఞానం’గా ఎందుకు పరిగణన పొందలేదు? 2007లో లోకానికి కొత్తగా తెలిసినది ఏమిటి? అప్పటికే తెలిసి ఉన్నది ఏమిటి? ఈ రెండింటినీ వేరుచేయడం విజ్ఞానశాస్త్ర చరిత్రకారుల పని. ఆ పని ఇప్పటివరకు తగినంతగా జరగలేదు.

2. వైద్యచరిత్ర రచన: ఆగిపోయిన చోటు

తెలుగు నేలపై వైద్యచరిత్ర అధ్యయనానికి మంచి పునాదే ఉంది. ఆచార్య డి.వి. సుబ్బారెడ్డి కృషితో 1956లో ఉస్మానియా వైద్య కళాశాలలో వైద్యచరిత్ర విభాగం ఏర్పడింది. తరువాతి కాలంలో అది భారతీయ వైద్యచరిత్ర సంస్థగా, నేడు జాతీయ భారతీయ వైద్య వారసత్వ సంస్థగా రూపాంతరం చెందింది. తాళపత్ర వైద్యగ్రంథాల సేకరణ, శాసనాల్లో ఆరోగ్యశాలల ప్రస్తావనలు, ఆయుర్వేద, యునానీ గ్రంథాల పరిష్కరణ వంటి రంగాల్లో ఈ పరంపర చేసిన సేవ గణనీయమైనది.

ఆధునిక వైద్యానికి వచ్చేసరికి హైదరాబాదు చరిత్రలో కొన్ని ఘట్టాలు పదేపదే కనిపిస్తాయి. ఆరవ నిజాం ఆర్థిక సహాయంతో ఎడ్వర్డ్ లారీ ఆధ్వర్యంలో 1888, 1889 సంవత్సరాల్లో పనిచేసిన క్లోరోఫాం కమిషన్లు మొదటి ఘట్టం. 1897లో సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని కనుగొనడం రెండోది. భీమవరంలో పుట్టి అమెరికాలో స్థిరపడిన యల్లాప్రగడ సుబ్బారావు పరిశోధనలు మూడోది. ఆయన పరిశోధనా సారథ్యం వహించిన లెడర్లీ ప్రయోగశాలల్లోనే బెంజమిన్ డగ్గర్ తొలి టెట్రాసైక్లిన్ వర్గపు మందు ఆరియోమైసిన్‌ను కనుగొన్నాడు. 1948లో లోకానికి వెల్లడైన ఆ మందుకు మూలం మట్టిలో దొరికిన ఒక సూక్ష్మజీవి.

ఈ ఘట్టాలన్నింటికీ ఒక సామాన్య లక్షణం ఉంది. వీటిలో కథానాయకుడు ఆవిష్కర్త. కథ ఆవిష్కరణతో ముగుస్తుంది. మందు కనుగొన్న తరువాత దాన్ని టన్నుల కొద్దీ ఎవరు తయారుచేశారు, ఎక్కడ తయారుచేశారు, తయారీలో మిగిలినది ఎక్కడికి పోయింది అనే ప్రశ్నలకు ఈ కథనంలో చోటు లేదు. మట్టి నుంచి మందు పుట్టిన వృత్తాంతం వైద్యచరిత్ర అయింది. మందు తిరిగి మట్టిలో, నీటిలో చేరిన వృత్తాంతం కాలేదు.

ఆంగ్లంలో వెలువడిన విద్యావిషయక గ్రంథాలు ఈ వీరగాథా ధోరణిని చాలావరకు అధిగమించాయి. డేవిడ్ ఆర్నాల్డ్ 1993లో ప్రచురించిన ‘కాలనైజింగ్ ద బాడీ’ వలసపాలన, అంటువ్యాధులు, ప్రజల శరీరాల మధ్య సంబంధాన్ని చర్చకు తెచ్చింది. గై అటెవెల్ 2007లో వెలువరించిన యునానీ వైద్య అధ్యయనం హైదరాబాదు సంస్థానాన్ని వైద్యచరిత్ర పటంలో ప్రముఖంగా నిలిపింది. అయితే వీటి దృష్టి ప్రధానంగా వలసపాలన కాలం మీదనే ఉంది. వీటి నమూనాలో సాగిన విశ్వవిద్యాలయ పరిశోధనలు కూడా ఎక్కువగా 1948 దగ్గరే నిలిచిపోతున్నాయి. ఆ తరువాతి కాలం ఆర్థికశాస్త్రానికి, పర్యావరణశాస్త్రానికి, న్యాయశాస్త్రానికి పంపకమైంది. అంటే తెలుగు నేల ప్రపంచ వైద్యరంగాన్ని అత్యధికంగా ప్రభావితం చేసిన కాలమే వైద్యచరిత్ర పరిధికి వెలుపల మిగిలింది.

3. ప్రక్రియ అనే మాట

పటాన్‌చెరు ఔషధ పరిశ్రమ ఆవిర్భావానికి మూడు కారణాలు ముఖ్యమైనవి. మొదటిది, కేంద్రప్రభుత్వ రంగంలో 1961లో ఏర్పడిన ఐ.డి.పి.ఎల్. సోవియట్ సహకారంతో హైదరాబాదు బాలానగర్‌లో ఆ సంస్థ నెలకొల్పిన కృత్రిమ ఔషధాల కర్మాగారం ఒక తరం రసాయనశాస్త్రవేత్తలకు శిక్షణాలయం అయింది. డాక్టర్ కల్లం అంజిరెడ్డి వంటి పారిశ్రామికవేత్తలు అక్కడ పనిచేసి బయటికి వచ్చినవారే. రెండోది, 1972లో అమలులోకి వచ్చిన 1970 నాటి పేటెంట్ల చట్టం. మూడోది, నగరానికి చేరువలో తక్కువ ధరకు లభించిన మెట్టభూములు, జాతీయ రహదారి, వెనుకబడిన జిల్లాలకు ప్రభుత్వం ప్రకటించిన రాయితీలు.

వీటిలో రెండో కారణం లోతైన పరిశీలనకు యోగ్యమైనది. 1970 చట్టం మందు అనే వస్తువుకు పేటెంట్ ఇవ్వలేదు. మందు తయారుచేసే ప్రక్రియకు మాత్రమే ఇచ్చింది. ఒకే మందును మరొక మార్గంలో తయారుచేయగలిగినవారికి దాన్ని ఉత్పత్తి చేసే హక్కు దక్కింది. తెలుగు రసాయనశాస్త్రవేత్తల ప్రతిభ ప్రధానంగా ఈ కొత్త మార్గాల అన్వేషణలోనే వ్యక్తమైంది. పేదదేశాల రోగులకు మందులు చౌకగా అందడానికి ఈ ప్రతిభే కారణం. పటాన్‌చెరు చరిత్ర రాసేవారు ఈ మేలును తక్కువచేసి చూపడం సత్యదూరమవుతుంది.

కానీ రసాయనశాస్త్రంలో ప్రక్రియకు రెండు ఫలితాలుంటాయి. ఒకటి ఉత్పత్తి, మరొకటి శేషం. రోజర్ షెల్డన్ 1992లో ప్రతిపాదించిన ‘ఇ–ఫ్యాక్టర్’ ఈ నిష్పత్తిని లెక్కించే కొలమానం. దాని ప్రకారం ఔషధ పరిశ్రమలో ఒక కిలో మందు తయారీకి 25 నుంచి 100 కిలోలు, కొన్నిసార్లు అంతకుమించి వ్యర్థం మిగులుతుంది. పెట్రోలు శుద్ధి పరిశ్రమలో ఉత్పత్తి అయ్యే కిలోకు మిగిలే వ్యర్థం కిలోలో పదోవంతు మాత్రమే. అనేక దశల్లో సాగే సంశ్లేషణ, ప్రతి దశలోనూ వాడే ద్రావకాలు, లవణాలు, శుద్ధిచేసే నీరు ఈ తేడాకు కారణాలు. కనుక ప్రక్రియలోని నైపుణ్యాన్ని కీర్తిస్తూ దాని శేషాన్ని వదిలివేసే చరిత్ర ప్రక్రియలో సగాన్నే చెబుతున్నట్లు లెక్క.

సాహిత్య విమర్శలో ‘ప్రక్రియ’ అనే మాటకు వేరే అర్థం ఉంది. నవల, నాటకం, కథ, ఖండకావ్యం వంటి రచనారూపాలను ప్రక్రియలంటారు. ప్రతి ప్రక్రియా జీవితంలోని కొంత భాగాన్ని గ్రహించి, మరికొంత భాగాన్ని తన పరిధికి వెలుపల విడిచిపెడుతుంది. పటాన్‌చెరుకు సంబంధించిన పత్రాలను ఈ దృష్టితో చదవడం ఉపయోగకరం. శాస్త్రవ్యాసం ఒక ప్రక్రియ, రిట్ పిటిషన్ ఒక ప్రక్రియ, ప్రభుత్వ సూచిక ఒక ప్రక్రియ, ఆసుపత్రి రిజిస్టరు ఒక ప్రక్రియ. ఏ ప్రక్రియ ఏమి మిగిల్చిందో గుర్తించినప్పుడే వాటిని చారిత్రక ఆధారాలుగా వాడుకోవడం సాధ్యమవుతుంది.

4. నాలుగు పాఠాలు

4.1 ప్రయోగశాల పాఠం

2007 నాటి స్వీడన్ వ్యాసం ఒక పూర్వపక్షంతో మొదలవుతుంది. మానవ ఔషధాలు నీటిలో చేరే ప్రధానమార్గం ఇళ్ల నుంచి, ఆసుపత్రుల నుంచి వచ్చే మురుగునీరేనని అప్పటివరకు సాధారణంగా అంగీకరించిన అభిప్రాయం. మందును కొనుక్కొని వాడే దేశాల అనుభవం నుంచి పుట్టిన అభిప్రాయమిది. మందును తయారుచేసే ప్రాంతం ఆ ఊహలోనే లేదు. పటాన్‌చెరు నమూనాలు ఈ పూర్వపక్షాన్ని ఖండించాయి.

ఆ వ్యాసంలోని సంఖ్యలు సామాన్యమైనవి కావు. లీటరుకు 31 మిల్లీగ్రాములంటే రమారమి 16 లీటర్ల నీటిలో ఒక 500 మిల్లీగ్రాముల మాత్ర కరిగి ఉన్నట్లు. ఇది చికిత్స పొందుతున్న రోగి రక్తంలో ఉండే స్థాయిని మించినది. కొన్ని రకాల బాక్టీరియాకు హానిచేసే స్థాయికి వెయ్యిరెట్లకు పైబడినది. ఒక్కరోజులో వాగులోకి చేరిన సిప్రోఫ్లాక్ససిన్ సుమారు 45 కిలోలని, 90 లక్షల జనాభా గల స్వీడన్ దేశం ఐదురోజుల్లో వాడే మొత్తంతో అది సమానమని అంచనా. 2009లో జెర్కర్ ఫిక్ తదితరులు ప్రచురించిన అధ్యయనం ఈ పరిశీలనను చెరువులకు, బావులకు విస్తరించింది. శుద్ధికేంద్రం నీరు చేరని రెండు చెరువుల్లో సైతం లీటరుకు 6.5 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్ససిన్ కనిపించడం ఆ అధ్యయనంలోని కీలకాంశం. దీన్నిబట్టి కాలుష్యానికి ఆ కేంద్రం ఒక్కటే మార్గం కాదని తేలింది. 2011లో నదీ అవక్షేపాల్లోనూ, 2014లో కాజీపల్లి చెరువులోనూ నిరోధక జన్యువుల విస్తృతిని గుర్తించిన అధ్యయనాలు వెలువడ్డాయి.

ఈ పరిశోధనలో నిజంగా కొత్తది ఏమిటి? నీరు చెడిపోయిందన్న సంగతి కొత్తది కాదు. మందునే కాలుష్యకారకంగా కొలవడం కొత్తది. అప్పటివరకు వ్యర్థజల ప్రమాణాలు రసాయనిక ఆక్సిజన్ అవసరం, జీవరసాయనిక ఆక్సిజన్ అవసరం, కరిగిన లవణాల మొత్తం వంటి కొలతల మీద ఆధారపడ్డాయి. ఆ పట్టికలో మందు అనే గడి లేదు. గడి లేనిచోట సంఖ్య పుట్టదు. సంఖ్య పుట్టని విషయం నియంత్రణ పత్రాల్లోకి చేరదు.

ఈ పాఠం పరిమితి కూడా స్పష్టమైనదే. స్వీడన్ పరిశోధకులు నీటిని కొలిచారు గాని మనుషులను పరీక్షించలేదు. ఆ గ్రామాల్లో ఫలానా వ్యాధికి ఫలానా మందు అవశేషమే కారణమని ఆ వ్యాసాలు నిరూపించలేదు, నిరూపించినట్లు చెప్పుకోలేదు కూడా. తరువాతి పత్రికారచనలు, కొన్ని పరిశోధన పత్రాలు ఈ హద్దును దాటి వాటిని వ్యాధులకు రుజువుగా ఉటంకిస్తున్నాయి. అది ఆధార విమర్శకు నిలవని వాదం.

4.2 న్యాయస్థాన పాఠం

ఇండియన్ కౌన్సిల్ ఫర్ ఎన్విరో–లీగల్ యాక్షన్ అనే సంస్థ 1990లో సుప్రీంకోర్టులో దాఖలు చేసిన రిట్ పిటిషన్ పటాన్‌చెరు చరిత్రకు ముఖ్యాధారం. పరిశోధకులు ఇక్కడ ఒక జాగ్రత్త పాటించాలి. ఇదే సంస్థ పేరుతో రాజస్థాన్‌లోని బిచ్ఛ్రీ గ్రామ కాలుష్యంపై 1996లో వెలువడిన తీర్పు, కాలుష్యకారకులే మూల్యం చెల్లించాలన్న సూత్రానికి ప్రసిద్ధి పొందింది. పేరు ఒకటే కావడం వల్ల రెండు వ్యాజ్యాలనూ కలిపివేసే ప్రమాదం ఉంది. పటాన్‌చెరు వ్యాజ్యం తుదిమాట లేకుండా ఏళ్ల తరబడి సాగి, తరువాత హైకోర్టుకు, అక్కడి నుంచి జాతీయ హరిత ధర్మాసనానికి చేరింది.

ఈ వ్యాజ్యంలో పొలాలు నష్టపోయిన రైతులకు జిల్లా న్యాయమూర్తి విచారణ ఆధారంగా ఎకరాల లెక్కన పరిహారం నిర్ణయమైంది. వైద్యచరిత్ర దృష్ట్యా దీనికి ప్రత్యేక ప్రాధాన్యం ఉంది. పొలానికి పట్టా ఉంటుంది, సర్వే నంబరు ఉంటుంది, విస్తీర్ణం ఉంటుంది. కనుక భూమికి కలిగిన నష్టాన్ని న్యాయస్థానం కొలవగలిగింది. అదే నీరు తాగిన శరీరానికి అటువంటి పత్రం లేదు. భూమిలేని కూలీకి, పశువులు మాత్రమే ఉన్న కుటుంబానికి, చెరువు మీద ఆధారపడిన మత్స్యకారునికి, చాకలికి ఎకరాల లెక్కలో చోటు దొరకడం కష్టం. న్యాయస్థానం నిర్దయగా ప్రవర్తించిందని దీనికి అర్థం కాదు. దాని ప్రక్రియ ఆస్తిని చదివినంత సులభంగా ఆరోగ్యాన్ని చదవలేదని మాత్రమే అర్థం.

మరొక అంశం భాషకు సంబంధించినది. బాధితుల సాక్ష్యం తెలుగులో, తరచు మెదక్ మాండలికంలో మొదలవుతుంది. ఉన్నత న్యాయస్థానానికి చేరేసరికి అది ఆంగ్ల ప్రమాణపత్రం అవుతుంది. నీటి రంగు, వాసన, నురుగు, పశువు ముట్టకపోవడం, కాళ్లకు పుట్టే దురద వంటివి గ్రామస్థులు నీటిని పరీక్షించే కొలమానాలు. అనువాదంలో అవన్నీ ‘కలుషిత జలం’ అనే ఒక్క పదబంధంలోకి ఒదిగిపోతాయి. ఆ కుదింపులో పోయినది భావోద్వేగం కాదు, పరిశీలన.

4.3 సూచిక పాఠం

కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2009లో దేశంలోని 88 పారిశ్రామిక సముదాయాలకు సమగ్ర పర్యావరణ కాలుష్య సూచికను ప్రకటించింది. 70 గాని, అంతకుమించి గాని వచ్చినవి అత్యంత విషమంగా కలుషితమైన ప్రాంతాలు. అటువంటివి 43. పటాన్‌చెరు – బొల్లారానికి వచ్చిన అంకె 70.07. హద్దుకు ఏడు వందోవంతులు మాత్రమే ఎక్కువ. ఆ వర్గంలో చేరిన ప్రాంతాల్లో కొత్త పరిశ్రమలపై 2010లో తాత్కాలిక నిషేధం వచ్చింది. దశాంశస్థానంలోని స్వల్పభేదం ఒక ప్రాంతం భవితవ్యాన్ని ఇటో అటో మార్చగలదని ఈ ఉదాహరణ నిరూపిస్తుంది. సూచిక ఎంత కచ్చితంగా కనిపించినా, దానిలోని ప్రతి అంకె వెనుక ఏది ఎంత ముఖ్యమో నిర్ణయించిన మానవ నిర్ణయం ఉంటుంది.

మందు అవశేషాల కొలత చట్టంగా మారే ప్రయత్నానికి పట్టిన గతి కూడా ఈ సందర్భంలో గమనార్హం. 2020 జనవరిలో కేంద్ర పర్యావరణ మంత్రిత్వశాఖ ప్రకటించిన ముసాయిదాలో 121 యాంటీబయాటిక్‌లకు వ్యర్థజలంలో ఉండదగిన పరిమితులను ప్రతిపాదించారు. 2021లో వెలువడిన తుది ప్రకటనలో ఆ పరిమితులు లేవు. ప్రపంచ ఆరోగ్య సంస్థ యాంటీబయాటిక్ తయారీ వ్యర్థాలపై ప్రత్యేక మార్గదర్శకాలను 2024లో వెలువరించింది. 2007లో ప్రయోగశాల గీసిన గడి నియంత్రణ పట్టికలోకి చేరుతూ చేరుతూ ఆగిపోయిన క్రమం ఇది.

4.4 వైద్యుని పరిశీలన

పటాన్‌చెరులో వైద్యవృత్తిలో ఉంటూ కాలుష్యానికి వ్యతిరేకంగా దశాబ్దాలపాటు పోరాడిన డాక్టర్ అల్లాని కిషన్‌రావు పేరు ఈ ప్రాంత చరిత్రలో తప్పనిసరిగా ప్రస్తావించదగినది. పత్రికలు, ప్రజాసంఘాలు ఆయనను ఉద్యమకారునిగా నమోదు చేశాయి. వైద్యచరిత్ర ఆయనను పరిశీలకునిగా నమోదు చేయవలసి ఉంది. రోజూ వచ్చే రోగుల్లో వ్యాధుల తీరు మారుతున్నదని గుర్తించడం, ఆ మార్పును రోగి ఊరితో, ఆ ఊరి నీటితో ముడిపెట్టి ఆలోచించడం వైద్యశాస్త్రంలో అతిప్రాచీనమైన పద్ధతి. దేశం, కాలం, జలం, ఆహారం చూడమని ఆయుర్వేదం చెప్పినదీ అదే. 1854లో లండన్‌లో జాన్ స్నో కలరా మరణాలను ఒక వీధిపంపుతో ముడిపెట్టినదీ ఇదే పద్ధతిలో. స్నో ప్రజారోగ్యశాస్త్ర పితామహుల్లో ఒకడయ్యాడు. పారిశ్రామికవాడ వైద్యుడు చేసిన పని మాత్రం ‘సామాజిక సేవ’ శీర్షిక కింద మిగిలింది.

అలాగని వైద్యుని పరిశీలనను విమర్శకు అతీతంగా స్వీకరించడం కుదరదు. ఆసుపత్రి రిజిస్టరులో వచ్చిన రోగి ఉంటాడు, రాలేని రోగి ఉండడు. వ్యాధి పేరు ఉంటుంది, కారణం ఉండదు. పొగాకు, పోషకాహార లోపం, వృత్తి, వయస్సు వంటి అంశాలను వేరుచేయనిదే నీటి పాత్ర తేలదు. 2004లో గ్రీన్‌పీస్ సంస్థ ప్రచురించిన మెదక్ జిల్లా ప్రజారోగ్య సర్వే ఈ లోపాన్ని పూరించడానికి ప్రయత్నించింది. పరిశ్రమల సమీపంలోని గ్రామాలను దూరంగా ఉన్న గ్రామాలతో పోల్చి చూపింది. ఒక ప్రచారసంస్థ సర్వే కావడం వల్ల దాన్ని కొందరు తోసిపుచ్చారు, కొందరు పూర్తిగా నమ్మారు. దాని నమూనా ఎంపికను, ప్రశ్నావళిని, వ్యాధి నిర్ధారణ పద్ధతిని పరిశీలించి బలాబలాలు తేల్చే విద్యావిషయక విమర్శ తెలుగులో రాలేదు.

5. ఆధారాల స్థితి

పై నాలుగు పాఠాలనూ కలిపితే సంపూర్ణ చరిత్ర వస్తుందనుకోవడం పొరపాటు. ప్రయోగశాల వద్ద నీరు ఉంది, మనిషి లేడు. న్యాయస్థానం వద్ద ఎకరం ఉంది, శరీరం లేదు. సూచిక వద్ద సరాసరి ఉంది, ఊరు లేదు. వైద్యుని వద్ద రోగి ఉన్నాడు, కారణం లేదు. ఈ నాలుగు ఖాళీలూ ఒకచోట కలిసే బిందువు పరిశ్రమలో పనిచేసే కార్మికుడు. మందును అత్యంత సమీపం నుంచి తాకేది, పీల్చేది అతడే. ఏ పాఠంలోనూ అతడు ప్రధానం కాడు. 2025 జూన్ 30న పాశమైలారంలో జరిగిన పేలుడులో 40 మందికి పైగా కార్మికులు మరణించారు. వారిలో ఒడిశా, బిహార్, ఉత్తరప్రదేశ్, జార్ఖండ్ వంటి రాష్ట్రాల నుంచి వచ్చినవారు అనేకులు. ఆ కర్మాగారంలో తయారయ్యేది మాత్రలకు ఆకారమిచ్చే సూక్ష్మస్ఫటిక సెల్యులోజు. అంటే మందుబిళ్లలో మందు కాని భాగం. వైద్యచరిత్రలో మందుకే తయారీచరిత్ర లేనప్పుడు, మందు కాని ఆ పొడికి, దాన్ని తయారుచేసినవారికి చరిత్ర ఎక్కడిది? ఈ కార్మికుల భాషలు హిందీ, ఒడియా, భోజ్‌పురి. కనుక తెలుగు ఆధారాలను మాత్రమే చేర్చినా ఈ చరిత్ర పూర్తికాదు.

ఆధారాల అన్వేషణలో మరికొన్ని ఆచరణాత్మక సమస్యలున్నాయి. సంగారెడ్డి జిల్లా 2016 అక్టోబరులో ఏర్పడింది. అంతకుముందరి రికార్డులన్నీ మెదక్ జిల్లా పేరుతో ఉంటాయి. జిల్లా కేంద్రం అప్పుడూ సంగారెడ్డే అయినా, సూచీపత్రాల్లో సంగారెడ్డి జిల్లా అని వెతికేవారికి అసలైన దశాబ్దాలు దొరకవు. శాస్త్రవ్యాసాల్లో ఈ ప్రాంతం తరచు ‘హైదరాబాదు సమీపం’గా మాత్రమే కనిపిస్తుంది. వాగులు, చెరువుల పేర్లు ఆంగ్ల లిపిలో ఒక్కొక్క వ్యాసంలో ఒక్కొక్క విధంగా ఉంటాయి. ఒకే వాగును రెండుగా, రెండు చెరువులను ఒకటిగా పొరబడే అవకాశం ఉంది. ఊరి పేర్లను, నీటి వనరుల పేర్లను స్థానిక ఉచ్చారణతో స్థిరపరచడమే ఒక ప్రాథమిక పరిశోధన.

భాషాసాహిత్య శాఖల పరిశోధకులకు ఇక్కడ స్పష్టమైన పాత్ర ఉంది. తెలుగు దినపత్రికల జిల్లా అనుబంధాలు, గ్రామపంచాయతీ తీర్మానాలు, కలెక్టరుకు సమర్పించిన అర్జీలు, ప్రజాభిప్రాయ సేకరణ సభల నివేదికలు, కరపత్రాలు, పాటలు అన్నీ పాఠాలే. పాఠపరిష్కరణ, మాండలిక పరిజ్ఞానం, అర్థవిచారం వీరి వృత్తివిద్యలు. ఒక్క ‘మందు’ అనే మాటే చాలు. రోగికి ఇచ్చేది మందు, పొలంలో కొట్టేది పురుగుల మందు, తుపాకీలో దట్టించేది మందు, సారాయి మందు. ఒక గ్రామస్థుడు అర్జీలో ‘నీళ్లలో మందు కలిసింది’ అని రాసినప్పుడు, అధికారి దాన్ని పురుగుమందుగా చదవవచ్చు, రసాయనంగా చదవవచ్చు. 2007 తరువాత చదివేవారికి అది అక్షరాలా ఔషధంగానే ధ్వనించవచ్చు. ఆ అర్థాల్లో రచయిత ఉద్దేశించినది ఏదో సందర్భాన్ని బట్టి నిర్ణయించడం రసాయనశాస్త్రవేత్త పని కాదు.

6. ముగింపు

ఈ పరిశీలనలో తేలిన అంశాలను ఇలా క్రోడీకరించవచ్చు.

• తెలుగు నేల వైద్యచరిత్ర ఆవిష్కర్తల చుట్టూ, వలసపాలన కాలం చుట్టూ పరిభ్రమిస్తున్నది. మందు తయారీని, తయారీ శేషాన్ని అది తన పరిధిలోకి తీసుకోలేదు.

• 1970 పేటెంట్ చట్టం ప్రక్రియకు విలువ ఇచ్చింది. ప్రక్రియలో ఉత్పత్తితోపాటు వ్యర్థమూ భాగమే కనుక పటాన్‌చెరు పారిశ్రామిక విజయాన్ని, కాలుష్యాన్ని ఒకే చరిత్రగా రాయాలి.

• 2007 నాటి స్వీడన్ పరిశోధన మందును కాలుష్యకారకంగా కొలిచింది. నీరు చెడిపోయిందన్న జ్ఞానం మాత్రం స్థానికులకు అంతకుముందే ఉంది. మొదటిదానికి గౌరవమివ్వడానికి రెండోదాన్ని విస్మరించనక్కరలేదు.

• ఏ పాఠమూ స్వయంసంపూర్ణం కాదు. స్థానిక జ్ఞానమని దేన్నీ విమర్శకు అతీతంగా స్వీకరించరాదు. విదేశీ ప్రయోగశాల వ్యాసమని దేన్నీ దాని పరిధికి మించి ఉటంకించరాదు.

ఆసుపత్రి రిజిస్టర్లకు, కార్యాలయ దస్త్రాలకు భద్రపరిచే గడువు ఉంటుంది. గడువు తీరినవాటిని తొలగించడం సాధారణ పరిపాలనా విధానం. 1980ల నాటి మార్పులను కళ్లారా చూసిన వైద్యులు, రైతులు, తొలితరం కార్మికులు నేడు వృద్ధాప్యంలో ఉన్నారు. పాశమైలారం నుంచి బొల్లారం వరకు గల గ్రామాల్లో మౌఖిక సాక్ష్యాల సేకరణ, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల పాత రిజిస్టర్ల డిజిటలీకరణ, ఉమ్మడి మెదక్ జిల్లా పత్రికా అనుబంధాల సూచీకరణ అనే మూడు పనులను సమీప విశ్వవిద్యాలయాల తెలుగు, చరిత్ర శాఖలు, వైద్య కళాశాలల సామాజిక వైద్య విభాగాలు ఉమ్మడిగా చేపట్టవచ్చు. వీటిలో మౌఖిక సాక్ష్యాల సేకరణ వాయిదా వేయదగినది కాదు.